తుపాకీ పేలకముందే తేలిపోయే రౌండు

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద ఒక గేమింగ్ సెంటర్. శనివారం సాయంత్రం. మా పిన్ని కొడుకు వాలరెంట్ ఆడుతున్నాడు, నేను వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. వాలరెంట్ అంటే ఐదుగురు ఐదుగురుగా రెండు జట్లు ఆడే తుపాకుల ఆట (షూటర్). ఒక జట్టు ఏ (A), బీ (B) లాంటి సైట్లలో ఒకదానిలో స్పైక్ అనే బాంబు పెట్టాలి, రెండో జట్టు ఆపాలి. మావాడిది అప్పుడు పెట్టే జట్టు. స్కోరు 11–11. అసెంట్ అనే మ్యాపు. 'ఏ మెయిన్' అనే దారిలోంచి పరుగెత్తుకుంటూ వెళ్లి సైట్లో కాలుపెట్టాడో లేదో, జెనరేటర్ పక్కనుంచి ఒక్క గుండు వచ్చి తలకు తగిలింది. ఆ మ్యాచ్‌లో అదే చోట అలా పడిపోవడం మూడోసారి. హెడ్‌సెట్ తీసి నా వైపు తిరిగి, "అన్నా, నేను వస్తున్నానని వాడికెలా తెలిసింది? హ్యాకా?" అన్నాడు.

హ్యాక్ కాదు. మావాడే చెప్పాడు, కాకపోతే నోటితో కాదు. రౌండు మొదలై అప్పటికి 65 సెకన్లయింది, ఇంకా 35 మిగిలాయి. బీ వైపు మనవాళ్ల అడుగుల చప్పుడు ఒక్కటీ లేదు. మిడ్‌లో (మ్యాపు మధ్యలో) మనవాడొకడు అప్పటికే పోయాడు. ఏ మెయిన్‌లో నిలబడి మావాడు తుపాకీ రీలోడ్ చేసుకున్నాడు, ఆ చప్పుడు గోడ అవతలికి వినిపించింది. తర్వాత షిఫ్ట్ నొక్కి చప్పుడు లేకుండా నడవాల్సింది పోయి పరుగెత్తాడు. అంతకు ముందు రెండు రౌండ్లలోనూ అదే దారి. ఇవన్నీ తెలిసినవాడు క్రాస్‌హెయిర్ (తెర మీది గురి గుర్తు) ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించక్కర్లేదు. ఎయిమ్ (గురి) మాటకొస్తే ఇద్దరిలో మావాడిదే మెరుగు. కానీ ఆ రౌండ్లో ఎయిమ్‌కు పని పడకముందే కథ అయిపోయింది.

గేమ్ సెన్స్ అంటే ఇదే. కంటికి కనబడనిదాన్ని గురించి సరైన అంచనా వేసుకుని, ఆ అంచనాను బట్టి ముందే సిద్ధంగా ఉండటం. మన దగ్గర పిల్లలు దీన్ని పుట్టుకతో వచ్చే విద్యలా మాట్లాడతారు. "వాడికి సెన్స్ ఉంది, నాకు లేదు" అనేసి మళ్లీ డెత్‌మ్యాచ్‌లోకి, అంటే ఊరికే కాల్చుకునే పోటీలోకి, వెళ్లి ఎయిమ్ సాధన మొదలుపెడతారు. నేను దీన్ని గట్టిగా కాదంటాను. ఇది లెక్క. సమయం, డబ్బు, చప్పుడు, ఎవరు బతికున్నారు, ఎవరు ఎక్కడ చివరిసారి కనిపించారు. వీటిని నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు.

ఈ మాట ఇంత ధైర్యంగా అనడానికి నాకున్న ఆధారం చదరంగం. ఆ ఆట మన ప్రాంతానికి కొత్త కాదు. 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయిన పెంటేల హరికృష్ణ గుంటూరువారు, గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక గుంటూరువారు. విజయవాడ పేరు చెప్పగానే గుర్తొచ్చే కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఇలాంటివాళ్లకు బుర్రలో ఏదో ఫొటో తీసే యంత్రం ఉంటుందని అనుకుంటాం. 1973లో అమెరికాలో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించారు. నిజమైన ఆటలోంచి తీసిన ఒక స్థితిని బోర్డు మీద ఐదు సెకన్లు చూపించి, తర్వాత గుర్తున్నంతవరకు పావులు పేర్చమన్నారు. మాస్టర్ మొదటిసారే సుమారు 16 పావులు సరిగ్గా పెట్టాడు, కొత్తవాడు నాలుగు పెట్టాడు. తర్వాత అవే పావులను ఇష్టమొచ్చినట్టు చల్లి చూపించారు. అప్పుడు మాస్టర్‌కూ కొత్తవాడికీ తేడా దాదాపు లేకుండా పోయింది.

అంటే మాస్టర్ జ్ఞాపకశక్తి అందరిలాంటిదే. కాకపోతే ఆయన పావులను విడివిడిగా చూడడు. "కోట కట్టిన రాజు, ముందు మూడు బంట్లు, పక్కన ఏనుగు" అని ఒక్క ముద్దగా చూస్తాడు. వేల ఆటల్లో ఆ ముద్దలు కంటికి అలవాటైపోయాయి. షూటర్‌లో జరిగేదీ ఇదే. కొత్తవాడికి అసెంట్‌లో ఏ (A) సైట్ అంటే పాతిక మూలలు. అనుభవజ్ఞుడికి అది మూడు నాలుగు అమరికలు: ఒకడు జెనరేటర్ దగ్గర ఒకడు హెవెన్‌లో (పైనున్న చోటు), లేదా ఇద్దరూ వెనక్కి తగ్గి రీటేక్‌కి, అంటే సైట్‌ను తిరిగి పట్టుకోవడానికి, ఎదురుచూడటం, లేదా ఒకడే ఉండి మిగతావాళ్లు మిడ్‌కి పోవడం. మొదటి స్మోక్ (చూపుకి అడ్డంపడే పొగ) ఎక్కడ పడిందో చూడగానే వీటిలో రెండు కొట్టుకుపోతాయి.

ఇలా కొట్టివేసుకుంటూ పోవడం వల్ల చేతికి కూడా లాభం ఉంది, ఈ సంగతి చాలామంది గమనించరు. ఒక వెలుగు కనబడగానే మీట నొక్కమంటే మామూలు మనిషికి సెకనులో నాలుగో వంతో ఐదో వంతో పడుతుంది. కానీ వెలుగు ఎన్నో చోట్ల రావచ్చు, ఒక్కో చోటికి ఒక్కో మీట అంటే ఆ సమయం పెరుగుతుంది. 1952లో విలియం హిక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని కొలిచాడు. ఎంపికలు రెట్టింపైన ప్రతిసారీ స్పందన సమయం దాదాపు ఒకే మోతాదులో పెరుగుతూ పోతుందని తేల్చాడు. సైట్లోకి అడుగుపెట్టేటప్పుడు శత్రువు ఎనిమిది చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు అనుకునేవాడూ, రెండే చోట్ల ఉంటాడు అనుకునేవాడూ ఒకే వేగంతో కాల్చలేరు. వాళ్ల రిఫ్లెక్స్ ఒకటే అయినా సరే. "వాడి రిఫ్లెక్స్‌లు మామూలువి కావు" అని మనం మెచ్చుకునే కాల్పుల్లో చాలావరకు ఇదే జరుగుతుంది. వాడు వేగంగా స్పందించలేదు, తక్కువ వాటికి స్పందించాడు. మూలల్ని ఒకేసారి అన్నీ తెరవకుండా, ఒక్కో అడుగుకి ఒక్కో మూల మాత్రమే కనబడేలా జరుగుతూ క్లియర్ చేయడం అనే పాఠం వెనక ఉన్న కారణం కూడా ఇదే.

బ్రాడీపేటలో తిరిగినవాళ్లకు కాల్‌అవుట్ (శత్రువు ఎక్కడున్నాడో జట్టుకి చెప్పడం) గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ చిరునామా "4/14" అంటే చాలు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో డ్రైవర్‌కి అర్థమవుతుంది. "ఆ మెడికల్ షాపు దాటాక, ఎర్రగేటు ఇంటి పక్కన" అని ఎవరూ మొదలుపెట్టరు. గేములో మాత్రం మనవాళ్లు "ఇక్కడున్నాడు, ఇక్కడే, ఇటు పక్కన" అని అరుస్తారు. ఎవరికి ఇక్కడ? చనిపోయినవాడు చెప్పగలిగిన గొప్ప విషయం మూడు నాలుగు మాటల్లో అయిపోవాలి: "ఏ హెవెన్, ఒకడు, ఎనభై తగిలింది." తర్వాత మౌనం. ఆ మౌనం కూడా కాల్‌లో భాగమే. బతికున్నవాడు అడుగుల చప్పుడు వినాలి కదా.

ఇక గడియారం. నా ఉద్దేశంలో ఎయిమ్ తర్వాత అత్యంత తక్కువ ధరకు దొరికే లాభం ఇదే, ఎందుకంటే నాలుగైదు అంకెలు బట్టీ పడితే చాలు. వాలరెంట్‌లో రౌండు 100 సెకన్లు. స్పైక్ పెట్టడానికి 4 సెకన్లు, పెట్టాక పేలడానికి 45, డిఫ్యూజ్‌కి (పేలకుండా ఆపడానికి) 7. సగం అంటే 3.5 సెకన్లు పూర్తయితే ఆ సగం నిలిచిపోతుంది, తర్వాత వచ్చినవాడు అక్కడినుంచి కొనసాగించవచ్చు. ఇదే తరహా ఆట కౌంటర్ స్ట్రైక్ 2లో బాంబు 40 సెకన్లకు పేలుతుంది, కిట్ (డిఫ్యూజ్ పనిముట్లు) ఉంటే డిఫ్యూజ్‌కి 5 సెకన్లు, లేకపోతే 10.

ఈ అంకెలు తెలియడం వేరు, ఆట మధ్యలో వాడుకోవడం వేరు. మావాడి మ్యాచ్‌లోనే ఒక రౌండు చెబుతాను. స్పైక్ పెట్టేశారు, మావాడు ఒక్కడే మిగిలాడు, ఎదురుగా ఇద్దరు. ఇంకా ఐదు సెకన్లలో పేలుతుంది. అప్పటిదాకా ఎవరూ డిఫ్యూజ్ మొదలుపెట్టలేదు, అంటే సగం నిలిచి లేదు. ఏడు సెకన్ల పని ఐదు సెకన్లలో అవ్వదు. రౌండు గెలిచేసినట్టే. అప్పుడు డిఫ్యూజ్ మొదలైన చప్పుడు వినబడింది. మావాడు కంగారుపడి బయటికి తొంగిచూశాడు, చచ్చిపోయాడు. స్పైక్ పేలింది, రౌండు గెలిచారు, అందరూ సంతోషంగా ముందుకు వెళ్లిపోయారు. కానీ మావాడు ఆటలోని డబ్బుతో కొన్న 2900 వాండల్ రైఫిల్, ఒంటి మీదున్న 1000 షీల్డు పోయాయి. బతికుంటే అవి తర్వాతి రౌండుకి మిగిలేవి. మూడు రౌండ్ల తర్వాత మావాడు రైఫిల్ కంటే చవకైన స్పెక్టర్ తుపాకీ పట్టుకుని రైఫిళ్ల మీదికి వెళ్లాడు, ఓడిపోయాడు. ఆ ఓటమికి కారణం మూడు రౌండ్ల వెనక ఉంది. స్కోర్‌బోర్డులో అది ఎక్కడా కనబడదు.

డబ్బు లెక్క కూడా ఇలాగే దాగి ఉంటుంది. వాలరెంట్‌లో మొదటి రౌండుకి చేతిలో 800. గెలిస్తే 3000, ఓడితే 1900. వరసగా రెండోసారి ఓడితే 2400, మూడోసారి నుంచి 2900. కిల్స్‌కి వచ్చే 200 పక్కన పెట్టి చూద్దాం. మొదటి రౌండులో 800 ఖర్చుపెట్టి ఓడిపోయాం, చేతికి 1900 వచ్చింది. ఇప్పుడు పౌరుషానికి పోయి 1600 పెట్టి స్పెక్టర్ కొన్నాం, మళ్లీ ఓడాం. మిగిలిన 300కి 2400 కలిపితే 2700. మూడో రౌండులో రైఫిల్ రాదు, ఎందుకంటే అది ఒక్కటే 2900. అదే రెండో రౌండులో చేతులు కట్టుకుని ఏమీ కొనకపోతే 1900కి 2400 కలిసి 4300. రైఫిల్, ఫుల్ షీల్డు కలిపి 3900, ఇంకా 400 స్మోకులకో, కళ్లు కమ్మేసే ఫ్లాష్‌లకో మిగులుతుంది. ఐదుగురిలో నలుగురు సేవ్ చేసి ఒకడు ఫోర్స్ కొడితే, అంటే చాలీచాలని డబ్బుతో కొనేస్తే, అన్నిటికంటే చెడ్డది, రెండు రౌండ్లూ పాడవుతాయి.

ఈ లెక్కను తిరగేస్తే ఎదుటివాడి చేతిలో ఏముందో తెలుస్తుంది. వాళ్లు వరసగా రెండు ఓడారు, రెండో రౌండులో స్పెక్టర్లు కనబడ్డాయి అంటే మూడో రౌండులో వాళ్ల దగ్గర పూర్తి కొనుగోలుకి సరిపడా డబ్బు లేదు. అప్పుడు పొడుగాటి దూరాల్లో నిలబడి ఆడితే చాలు, దగ్గరికి వెళ్లి షెరిఫ్ పిస్టల్ పట్టుకున్నవాడికి అదృష్టం పరీక్షించుకునే అవకాశం ఇవ్వక్కర్లేదు. మన పిల్లలు రౌండు గెలవగానే ఉత్సాహంలో అన్నీ మరచిపోయి, పిస్టల్ పట్టుకున్న జట్టు మీదికే ఇరుకు సందుల్లోంచి దూసుకుపోతారు. నాకు మనసు చివుక్కుమనేది ఇక్కడే.

పబ్‌జీ, బీజీఎంఐ నుంచి వచ్చినవాళ్లలో ఇంకో అలవాటు ఉంటుంది. అక్కడ ఒక్క ప్రాణం మీద అరగంట ఆట నడుస్తుంది కాబట్టి ఎవరి ప్రాణం వాళ్లు కాపాడుకోవడమే తెలివి. ఇక్కడ చచ్చినా వచ్చే రౌండుకి లేస్తాం. అందుకని మన పక్కవాడు ముందు వెళ్లి చచ్చిపోతే, అతన్ని చంపినవాడిని రెండు సెకన్లలో మనం చంపగలిగే దూరంలో ఉన్నామా లేదా అన్నదే ప్రశ్న. దీన్నే ట్రేడ్ అంటారు. ఐదుగురు ఐదు మూలల్లో దాక్కుంటే ప్రతి చావూ ఉచితంగా ఇచ్చినట్టే.

మూల పట్టుకుని కదలకుండా కూర్చునేవాడే ఎప్పుడూ ముందు చూస్తాడు అనుకోవడం కూడా పొరపాటు. వాలరెంట్ తయారుచేసిన రయట్ సంస్థ సర్వర్లు సెకనుకి 128 సార్లు ఆట స్థితిని లెక్కకడతాయి. అయినా మన కంప్యూటర్ నుంచి ముంబై సర్వర్‌కీ, అక్కడినుంచి ఎదుటివాడికీ సమాచారం వెళ్లడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలో కదులుతూ బయటికొచ్చినవాడికి నిలబడి ఉన్నవాడు ముందు కనిపిస్తాడు. పింగ్ (ఈ రాకపోకల ఆలస్యం) ఎక్కువైనకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందుకే ఒక కిల్ వచ్చాక అదే చోట ఉండిపోకుండా జరగమంటారు. మనం ఎక్కడున్నామో వాళ్లకు తెలిసిపోయింది, పైగా ఇప్పుడు కదిలేది వాళ్లు. ఇంట్లో ఆడేవాళ్లు వైఫై బదులు ఒక లాన్ వైరు రౌటర్ నుంచి లాగుకుంటే పింగ్ ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. కొత్త మౌస్ కంటే చాలా తక్కువ ఖర్చు.

మౌస్ మాట వచ్చింది కాబట్టి నిలకడ దగ్గరికి వద్దాం. ఇవాళ 25 కిల్స్, రేపు 7, ఎల్లుండి 22. "నిలకడ లేదన్నా" అని ప్రతివాడూ అనేదే. దీనిలో ఒక భాగం నిజంగా మన తప్పు, ఒక భాగం కానే కాదు. కాని భాగాన్ని ముందు తీసేయాలి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 55 శాతం ఉన్న ఆటగాడిని తీసుకోండి. అతను మంచి ఆటగాడే, నెలల తరబడి ఆడితే ర్యాంకు ఎక్కుతూ పోతాడు. కానీ ఏ పది మ్యాచ్‌లు తీసుకున్నా అతను నాలుగో అంతకంటే తక్కువో మాత్రమే గెలిచే అవకాశం సుమారు 26 శాతం. వారాంతానికి పది మ్యాచ్‌ల చొప్పున నాలుగు వారాంతాలు ఆడితే అందులో ఒకటి ఇలా పోవడం మామూలు విషయం. ఆ వారాంతంలో సెన్సిటివిటీ (మౌస్ కదిపితే క్రాస్‌హెయిర్ ఎంత జరగాలన్న సెట్టింగు) మార్చి, క్రాస్‌హెయిర్ మార్చి, ఏజెంట్ (ఆడే పాత్ర) మార్చి, చివరికి స్నేహితుల్ని మార్చినవాళ్లను చూశాను. మారిన ప్రతిదానితోనూ చేయి మళ్లీ మొదటినుంచి అలవాటు పడాలి. అక్కర్లేని మందు వేసుకుని రోగం తెచ్చుకున్నట్టు.

గేమింగ్ సెంటర్లలో ఆడేవాళ్లకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇవాళ కూర్చున్న సిస్టమ్‌కి ఒక మౌస్, రేపటిదానికి ఇంకొకటి. గేములో సెన్సిటివిటీ మన అకౌంట్‌తోపాటే వస్తుంది, మౌస్ డీపీఐ (మౌస్ సొంత వేగం) రాదు. 800 డీపీఐ దగ్గర 0.35 పెట్టుకుని ఆడేవాడికి రెండూ గుణిస్తే లెక్క 280. వేరే మౌస్ 1600లో ఉంటే అదే 0.35తో లెక్క 560 అయిపోతుంది, చేయి అంతే కదిపినా క్రాస్‌హెయిర్ రెట్టింపు దూరం పోతుంది. అక్కడ 0.175 పెట్టుకోవాలి. కూర్చోగానే గోడమీద ఒక గుర్తు చూసి, మౌస్‌ప్యాడ్ మీద ఈ చివరినుంచి ఆ చివరికి లాగితే ఎంత తిరిగామో పరీక్షించుకోవచ్చు, అర నిమిషం పని. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు చెమట పట్టిన చేతికి ప్యాడ్ మీద మౌస్ అతుక్కున్నట్టు కదులుతుంది, కాబట్టి మెడలో ఒక చిన్న తువ్వాలు వేసుకోవడం కూడా నా దృష్టిలో సెట్టింగే.

మన చేతిలో ఉన్న భాగం నిర్ణయాలు. మంచి రోజు ఎంత బాగా ఆడాం అన్నదానికంటే, చెడ్డ రోజు ఎంత దిగజారాం అన్నది చూసుకోవాలి. ఎయిమ్ కుదరని రోజు ఎవరికైనా వస్తుంది. నిద్ర చాలకపోయినా, పరీక్షల టెన్షన్ ఉన్నా గుండ్లు పక్కకే పోతాయి. కానీ ట్రేడ్ దూరంలో నిలబడటానికి, మూడు మాటల్లో కాల్ ఇవ్వడానికి, ఐదు సెకన్లు మిగిలినప్పుడు తొంగిచూడకుండా ఉండటానికి ఎయిమ్ అక్కర్లేదు. వాటిని అలవాటు చేసుకున్నవాడు ఏడు కిల్స్ రోజున కూడా జట్టుకి పనికొస్తాడు.

టిల్ట్ (కోపంలో ఆట చెడిపోవడం) గురించి పెద్దగా చెప్పను. వరసగా రెండు మ్యాచ్‌లు కోపంతో ఓడితే లేచిపోవాలి. మూడోది ఆడి బాగుపడినవాడిని నేను చూడలేదు.

సాధన ఎలా అన్నదానికి మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆరేడు మ్యాచ్‌లు ఆడే చోట మూడే ఆడతాడు. మిగిలిన సమయంలో ఒక్క మ్యాచ్ రీప్లే తెరిచి చావులు మాత్రమే చూస్తాం. కిల్స్ చూడం, అవి చూడటానికి హాయిగా ఉంటాయి కానీ చెప్పేది తక్కువ. ప్రతి చావుకీ పది సెకన్ల ముందు ఆపి, "ఇప్పుడు నీకేం తెలుసు? నీ గురించి వాళ్లకేం తెలుసు?" అని అడుగుతాను. మొదట్లో జవాబులు రాలేదు. వాడికి కనబడింది తెర మీది బొమ్మ ఒక్కటే. రెండు వారాలకు "టైమ్ నలభై ఉంది, మిడ్‌లో మనవాడు లేడు, స్మోక్ తగ్గుతోంది" అనడం మొదలుపెట్టాడు. వారానికి ఒక్క విషయమే పట్టుకుంటాం. ఒక వారం గడియారం, ఒక వారం డబ్బు, ఒక వారం చప్పుడు. అన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకోవాలని చూసిన వారం వాడి ఆట మరీ పాడైంది, బుర్ర నిండిపోయి చేయి ఆగిపోయింది. ఒకటి అలవాటై, ఆలోచించకుండా జరిగే స్థాయికి వచ్చాకే రెండోది మొదలుపెట్టాలి. చదరంగం ముద్దలు కూడా అలాగే ఒక్కొక్కటిగా పేరుకుంటాయి.

పోయిన ఆదివారం మళ్లీ అసెంట్ వచ్చింది. మళ్లీ ఏ మెయిన్‌లో పడిపోయాడు. ఈసారి హెడ్‌సెట్ తీయలేదు, నావైపు తిరగలేదు. "రీలోడ్ వినిపించి ఉంటుంది" అని తనలో తనే అనుకుని, తర్వాతి రౌండులో గోడవతల నిలబడి కావాలనే రీలోడ్ చేసి, షిఫ్ట్ నొక్కి నడుచుకుంటూ మిడ్ వైపు వెళ్లిపోయాడు. ఏ సైట్లో ఇద్దరు ఆ చప్పుడుకేసి గురిపెట్టుకుని కూర్చున్నారని రీప్లేలో చూశాం. ఆ రౌండు వాడు ఒక్క గుండూ కాల్చలేదు. జట్టు బీలో స్పైక్ పెట్టింది.